గొంతు బొంగురు, మూత్రంలో మంట... కోచింగ్ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 33. గుంటూరు జిల్లాలో ఒక క్రికెట్ అకాడమీలో మగపిల్లలకు కోచింగ్ ఇస్తాను. మెత్తగా చెబితే వినరని గొంతు బరువు చేసి అరుస్తుంటాను. రెండు నెలలుగా గొంతు బొంగురుపోయింది, సాయంత్రానికి మాటే రావడం లేదు. ఈ ఏడాదిలోనే మూడుసార్లు మూత్రంలో మంట వచ్చింది. షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని రెండు రోజులు వేసుకుంటే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. గ్రౌండ్‌లో ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు. ‘ఇది ఆడవాళ్లు చేసే పని కాదు, మానెయ్’ అంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?

జవాబు: కోచింగ్ మానేయాల్సినంత జబ్బేమీ మీరు రాసినదాంట్లో కనిపించలేదు. ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పండి. సునీతా శర్మ అనే ఆవిడ క్రికెట్ కోచింగ్‌కే 2005లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. మన దేశానికి వికెట్‌కీపర్‌గా ఆడిన దీప్ దాస్‌గుప్తా ఆవిడ శిష్యుడే.

ఇక మీ సంగతి. బాత్రూమ్ లేదు కాబట్టి గ్రౌండ్‌కు వెళ్లేముందు మీరు నీళ్లు మానేస్తున్నారని నా అనుమానం. మీరు ఆ మాట రాయలేదు గానీ, బయట తిరిగి పనిచేసే ఆడవాళ్లు చాలామంది చేసేది అదే. ఎండలో చెమట పట్టి, పైన నీళ్లు లేకపోతే మూత్రం చిక్కబడి గంటల తరబడి సంచిలోనే నిలిచిపోతుంది. ఆడవాళ్లకు మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. అందుకే బ్యాక్టీరియా తేలిగ్గా పైకి పాకుతుంది. మూత్రం పోసినప్పుడల్లా అది కొట్టుకుపోవాలి. మీకు ఆ అవకాశమే దొరకడం లేదు. గొంతుకూ ఇదే లెక్క. ఒంట్లో నీరు తగ్గితే స్వరతంత్రుల మీది తడి ఆరి, రాపిడి పెరుగుతుంది.

ఆ ఆరిన గొంతుతోనే మీరు అరుస్తున్నారు. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు 100 – 120 సార్లు కంపిస్తే, ఆడవాళ్లవి దాదాపు 200 సార్లు కంపిస్తాయి. ఆ స్వరాన్ని బలవంతంగా కిందికి నొక్కి, బౌండరీ దాకా వినబడేలా అరిస్తే తంత్రుల అంచులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. కొత్తగా బ్యాట్ పట్టిన పిల్లల అరచేతుల్లో కాయలు కాసినట్టే అక్కడా చిన్న బుడిపెలు లేస్తాయి. వాటినే నాడ్యూల్స్ అంటారు. మీకు అవే అయి ఉండవచ్చు. కానీ చూడకుండా చెప్పలేం. గొంతు బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌తో లారింగోస్కోపీ (స్వరతంత్రులను నేరుగా చూసే పరీక్ష) చేయించుకోవాల్సిందే. మీకు రెండు నెలలైంది, ఇక ఆగొద్దు. థైరాయిడ్ తగ్గినా, ఎసిడిటీ ఉన్నా గొంతు మారుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) కూడా చూడమనండి. మెడలో గడ్డ, మింగడం కష్టం, ఊపిరాడకపోవడం, కఫంలో రక్తం ఉంటే ఆ రోజే వెళ్లండి. నాడ్యూల్స్ అని తేలినా ఆపరేషన్‌కు తొందరపడొద్దు. గొంతును సరిగ్గా వాడటం నేర్పే వాయిస్ థెరపీతోనే చాలామందికి కరిగిపోతాయి.

ఈలోగా గ్రౌండ్‌లో విజిల్ వాడండి. దూరంగా ఉన్నవాడికి అరిచి చెప్పే బదులు దగ్గరకు పిలిపించండి. ‘వెనక్కి జరుగు, ఆగు, దగ్గరకు రా’ అని చేతి సైగలు నేర్పితే పిల్లలు రెండు రోజుల్లో పట్టేస్తారు. టీచర్లు నడుముకు తగిలించుకునే చిన్న మైక్ సెట్ కొనుక్కుంటే ఇంకా మంచిది. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు గానీ, దానివల్లా శ్రమే. మాటిమాటికీ గొంతు సవరించుకోకుండా ఒక గుక్క నీళ్లు తాగండి. మిరియాల పాలు, బుగ్గన కరక్కాయ మీకు హాయిగా ఉంటే కానివ్వండి. అయితే మింగింది అన్నవాహికలోకి పోతుంది తప్ప స్వరతంత్రులను తాకదు.

మూత్రంలో మంట ఏడాదిలో మూడుసార్లు వచ్చిందంటే ఇక షాపు మాత్రలతో నెట్టుకురాకూడదు. రెండు రోజులకే ఆపేసే అలవాటుతో బ్యాక్టీరియా మొండికేస్తుంది. ఈసారి మంట మొదలవగానే, మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కు (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే పరీక్ష) ఇవ్వండి. షుగర్ కూడా చూపించుకోండి. మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీ దాకా వెళ్లిందేమోనని అనుమానించి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నీళ్లు తక్కువ తాగుతూ తరచూ ఇలా బాధపడే ఆడవాళ్లు రోజూ అదనంగా లీటరున్నర తాగితే, మళ్లీ మళ్లీ రావడం దాదాపు సగానికి తగ్గినట్టు పరిశోధనలో తేలింది.

అయితే బాత్రూమ్ లేని చోట నీళ్లు తాగమనడం సగం వైద్యమే. మీరు నోటిమాటగా అడిగితే ‘చూద్దాం మేడమ్’ అంటారు. అందుకే మిమ్మల్ని చూసిన డాక్టర్‌తో ‘మూడు గంటలకోసారి మూత్రానికి వెళ్లాలి, పనిచేసే చోట ఆ వసతి ఉండాలి’ అని చీటీ మీద రాయించుకుని, అర్జీకి జతచేసి అకాడమీ యాజమాన్యానికి ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. బాత్రూమ్ కట్టేదాకా దగ్గర్లోని పెట్రోల్ బంకో, తెలిసినవాళ్ల ఇల్లో చూసుకోండి. ప్రాక్టీస్ మధ్యలో పది నిమిషాలు వెళ్లొస్తానని అసిస్టెంట్‌కు చెప్పి వెళ్లండి. మగ కోచ్ టీకి వెళ్లొస్తే ఎవరూ లెక్కపెట్టరు కదా!