టెక్ సందేహాలు: ఖాళీగా ఉన్న కంప్యూటర్‌కి వాన లెక్కల పని

ప్రశ్న: 2015 డిసెంబరు చెన్నై వరదల్లో మా ఇంట్లోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. ఆ రోజులు ఇంకా మర్చిపోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్ ఉంది. మెయిల్ చూసుకోవడం, పేపర్ చదవడం, మనవడి స్కూలు పని తప్ప దానికి వేరే పనిలేదు. అలా మిగిలిపోయే శక్తిని వాతావరణ పరిశోధనకు ఇవ్వచ్చని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, వేళచ్చేరి

నిజమేనండీ. మీరు పేపర్ చదువుతున్నంతసేపూ మీ ప్రాసెసర్‌లో చాలా భాగం ఖాళీగానే ఉంటుంది. అలా ఇళ్లలో మిగిలిన శక్తిని పోగుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు బోయింక్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్‌క్లీలో తయారైంది. 1999లో అక్కడే మొదలైన సెటీ ఎట్ హోమ్ ఇంటి కంప్యూటర్లతో గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికించింది. ఆ అనుభవంలోంచి పుట్టిందే బోయింక్. సెటీ 2020 మార్చిలో కొత్త పని పంపడం ఆపేసింది కానీ బోయింక్ మీద వేరే పరిశోధనలు నడుస్తున్నాయి. మీకు పనికొచ్చేది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2003లో మొదలుపెట్టిన క్లైమేట్‌ప్రెడిక్షన్ డాట్ నెట్.

సూపర్ కంప్యూటర్లుండగా మన ఇంటి డెస్క్‌టాప్ ఎందుకంటారా? అష్టాచెమ్మా ఆడే ఉంటారు. ఎవరైనా గవ్వల్ని అరగదీసి మోసం చేస్తున్నారా అన్నది ఒక్క పందెంతో తేలదు. మామూలు గవ్వలు వెయ్యిసార్లు, అనుమానమున్న గవ్వలు వెయ్యిసార్లు వేసి, అష్టా ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాలి. వందేళ్లకొకసారి కురిసే వాన సంగతీ అంతే. వాతావరణ నమూనాను, అంటే వాతావరణాన్ని లెక్కల్లో అనుకరించే ప్రోగ్రామును, ఇప్పుడున్న గాలితో వేలసార్లు, మనుషులు పొగ వదలని ఊహాలోకపు గాలితో వేలసార్లు, ప్రతిసారీ ఆరంభం రవ్వంత మార్చి నడుపుతారు. కుంభవృష్టి ఎందులో ఎక్కువసార్లు వచ్చిందో చూస్తారు. ఒక పందెం ఫలితం కోసం ఇంకో పందెం ఆగనక్కర్లేదు కాబట్టి తలా ఒకటి పంచుకోవచ్చు. మీ ఇంటికొచ్చేది అందులో ఒక పందెం.

మీ వరద గురించే ఈ పని జరిగింది. ఆ డిసెంబరు 1, 2 తేదీల్లో చెన్నై శివారు తాంబరంలో 24 గంటల్లో 494 మిల్లీమీటర్లు పడింది. నెదర్లాండ్స్ వాతావరణ సంస్థ, ఆక్స్‌ఫర్డ్, ఐఐటీ ఢిల్లీ శాస్త్రవేత్తలు ఆ వానను పరిశీలించి 2016లో ఫలితం ప్రచురించారు. వాళ్లు వాడిన లెక్కల్లో ఇలా ఇంటి కంప్యూటర్లలో నడిచిన నమూనాలూ ఉన్నాయి. మనలో చాలామంది అనుకున్నట్టు తేలలేదు. ఆ ఒక్కరోజు వానలో భూతాపం ప్రభావం కనబడలేదన్నారు. గాలిలో తేలే మసి, సన్నని ధూళి ఎండను అడ్డుకుని, వేడిమి వాయువుల ప్రభావాన్ని ఇంతకాలం తగ్గించి ఉండొచ్చని చెప్పారు. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం, ఆ వెంటనే గౌరవం కలిగాయి. అనుకున్నదే తేలాలని పట్టుబట్టని లెక్క అది. రేపు గాలి శుభ్రమైతే ఏమవుతుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఇలాంటి ప్రశ్నలకు మన కంప్యూటర్ గంటలు ఇవ్వడం నాకిష్టం.

ఇక బిల్లు. ‘ఖాళీ శక్తి’ అంటే ఊరికే వచ్చేది కాదు. ప్లగ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరుతో నా డెస్క్‌టాప్ చూశాను. ఊరికే ఉంటే 45 వాట్లు, ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, అన్నీ పనిచేస్తే 105. తేడా 60. మీరు ఎలాగూ రోజుకు నాలుగు గంటలు వాడతారనుకుందాం. ఆ నాలుగు గంటల్లోనే బోయింక్ నడిస్తే, మనకు రెండు నెలలకొకసారి వచ్చే బిల్లులో 14 యూనిట్లు పెరుగుతాయి. అదే దీనికోసమని రాత్రి ఎనిమిది గంటలు విడిగా ఆన్‌లో ఉంచితే మొత్తం 105 వాట్లూ దీని ఖాతాలోకే వస్తాయి. అంటే 50 యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్‌కి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి మొదటి పద్ధతిలో రెండు నెలలకు 10 కిలోలు, రెండో పద్ధతిలో 35. పర్యావరణం కోసం చేసే పనిలో ఆ తేడా చిన్నది కాదు. అందుకే నా సలహా ఒకటే: ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌ని వాడనివ్వండి, దీనికోసం ప్రత్యేకంగా ఆన్ చేయకండి. మీ వాడకం శ్లాబు అంచున ఉంటే ఆ 14 యూనిట్లు పై రేటులోకి నెట్టొచ్చు. పాత బిల్లు ఒకసారి తీసి చూసుకోండి.

బోయింక్‌ని దాని బర్‌క్లీ సైట్ నుంచే దించుకోండి. ఆప్షన్స్‌లో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి, కోర్లలో 50 శాతమే వాడేలా పెట్టండి. వేడీ మోతా తగ్గుతాయి. అక్కడే, పని ఆగినప్పుడు దాన్ని మెమరీలోనే ఉంచమనే గడి ఒకటుంటుంది. దానికి టిక్ పెట్టండి. క్లైమేట్ నమూనాలు మధ్యలో తెగితే పాడవుతాయి. నాకు జరిగింది కూడా. తొమ్మిది రోజులు నడిచిన నమూనా, 83 శాతం దాటింది. రోజూ కాఫీ తాగుతూ ఆ అంకె పెరగడం చూసేదాన్ని. ఒక సాయంత్రం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అప్పటికే నీరసించి ఉంది. తిరిగి ఆన్ చేస్తే అంకె ఉండాల్సిన చోట ‘కంప్యుటేషన్ ఎర్రర్’ అని ఉంది. ఎంత బాధేసిందో! అప్పట్నుంచీ షట్‌డౌన్ చేసే ముందు బోయింక్‌లో సస్పెండ్ నొక్కి, ఒక నిమిషం ఆగి, ఎగ్జిట్ చేశాకే కంప్యూటర్ ఆపుతున్నాను. మీరూ అలాగే చేయండి.

ఆక్స్‌ఫర్డ్ నుంచి పని ఎడతెగకుండా రాదు. విడతలుగా వస్తుంది. వారాల తరబడి ఏమీ రాకపోతే మీ సెట్టింగులు తప్పని టెన్షన్ పడకండి. ఆ ఖాళీలో వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌ని కూడా చేర్చుకోవచ్చు. ఐబీఎం 2004లో మొదలుపెట్టిన దీన్ని తర్వాత టొరంటోలోని క్రెంబిల్ పరిశోధనా సంస్థ తీసుకుంది. హార్వర్డ్ వాళ్లు సౌర ఫలకాలకు పనికొచ్చే సేంద్రియ అణువుల కోసం దాని మీదే 20 లక్షలకు పైగా అణువుల్ని లెక్కగట్టి, 2013లో ఆ జాబితాను అందరికీ ఇచ్చేశారు.

ప్రశ్న: ఫోన్‌లో నడపొచ్చా? ఆఫీసు ల్యాప్‌టాప్‌లో?
– ఐటీ ఉద్యోగి, షోళింగనల్లూరు

ఆండ్రాయిడ్‌లో బోయింక్ ఉంది. చార్జింగ్‌లో ఉన్నప్పుడు, వైఫై మీద మాత్రమే నడిచేలా చూసుకోండి. అయినా నేను వద్దనే అంటాను. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో ఫోన్ చార్జింగ్ పెడితేనే వెనకభాగం కాలుతుంటుంది, దానిమీద ఈ పని కూడా వేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. వాతావరణ నమూనాలు ఎలాగూ ఫోన్‌కి రావు. ఆఫీసు ల్యాప్‌టాప్ మీ సొంతం కాదు కదా, ఐటీ విభాగం రాతపూర్వకంగా సరేనంటే తప్ప పెట్టకండి. మంచి పనే చేస్తున్నానన్నా భద్రతా తనిఖీలో అది మీ అనుమతి లేని సాఫ్ట్‌వేరే.

ప్రశ్న: అటక మీద 2008 నాటి కంప్యూటర్ ఉంది. దించి దీనికి వాడనా?
– గృహిణి, పెరంబూరు

వద్దమ్మా. అంత పాత ప్రాసెసర్ ఎక్కువ కరెంటు తాగి తక్కువ పని చేస్తుంది. ఇప్పటి మామూలు ల్యాప్‌టాప్ అదే లెక్కని అందులో చిన్న వంతు కరెంటుతో ముగిస్తుంది. దాన్ని పాత సామాన్ల బండికి కాకుండా ప్రభుత్వ అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సంస్థకు ఇవ్వండి. బండి మీద వెళ్లినవి రాగి కోసం ఎక్కడో తగలబడతాయి, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. ఇచ్చేముందు హార్డ్ డిస్క్ విప్పించి చూడండి, 2008 నాటిదంటే పిల్లల చిన్నప్పటి ఫొటోలు అందులోనే ఉండి ఉంటాయి.