టోఫు తిన్న మర్నాడు

అమ్మాయ్,

నీ కథ మొన్న రాత్రి చదివా. ఫోన్‌లో చదవలేక మా అబ్బాయితో ప్రింట్ తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చుని చదివా, అందుకే లేటయ్యింది. ముందు ఒక మాట, మేడమ్ మేడమ్ అని రాయకు, అక్కా అను చాలు.

కొరియన్ డ్రామాలు చూసీ చూసీ జైలు నుంచి బయటికొచ్చిన ముగ్గురు ఆడవాళ్ల మీద రాశాను, కొరియా మొహం కూడా చూడలేదు, రాయొచ్చా అని భయపడుతూ అడిగావు. రాయొచ్చు, ఎవరాపారు. కానీ వెళ్లకపోయినా తెలుసుకుని రాయాలి కదా, నీ కథలో కొరియా ఎక్కడుందంటే పేర్లలో ఉంది, రామెన్ గిన్నెలో ఉంది, మొదటి పేజీలో పడే మంచులో ఉంది. ఆ మూడూ తీసేసి లక్ష్మి, పద్మ, సుజాత అని పెడితే కథ హాయిగా బెజవాడలో నడిచిపోతుంది.

మొదటి సీనే తీసుకో. జైలు గేటు, మంచు, తమ్ముడు తెల్లటి టోఫు ముక్క పట్టుకుని నిలబడ్డాడు, ఆమె తింటూ ఏడ్చింది. డ్రామాల్లో జైలు నుంచి ఎవరు బయటికొచ్చినా టోఫు తినిపిస్తారు కాబట్టి నువ్వూ తినిపించావు. అసలు ఎందుకు తినిపిస్తారో ఆలోచించావా? జైలుకెళ్లడాన్ని వాళ్లు కొంగ్‌బాప్ తినడం అంటారు, అంటే గింజలు కలిపి వండిన అన్నం, ఒకప్పుడు జైల్లో అదే పెట్టేవాళ్లట, మనం చిప్పకూడు తిన్నాడు అంటామే అచ్చం అలాగే. టోఫు కూడా సోయా గింజలతోనే చేస్తారు. తెల్లగా ఉంటుంది కాబట్టి ఇకమీదట ఇంత శుభ్రంగా బతుకు అని అంటారు కొందరు, గింజ ఒకసారి టోఫు అయ్యాక మళ్లీ గింజ కాలేదు కాబట్టి నువ్వూ మళ్లీ లోపలికి పోకూడదు అని అంటారు ఇంకొందరు. అంటే ఆ ముక్క ఊరికే ఆప్యాయంగా పెట్టిన ఫలహారం కాదు, నువ్వు తప్పు చేశావు, ఇంక చెయ్యకు అని నోరు తెరవకుండా చెప్పడం. మరి నీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదని పదిహేనో పేజీలో చెప్పావు కదా, అలాంటప్పుడు తమ్ముడి చేతిలో ఆ ముక్క చూడగానే ఆమెకి ఒళ్లు మండాలి కదా! 2005లో పార్క్ చాన్-ఉక్ తీసిన సినిమాలో 13 ఏళ్లు లోపలుండి వచ్చినావిడ ముందు చర్చి మనిషి టోఫు పెడితే, ఆవిడ ఆ ప్లేటు తిప్పి కింద పడేస్తుంది. అంతే, ఆవిడెవరో మనకి తెలిసిపోయింది. నువ్వు ఒక పేజీ నిండా కన్నీళ్లు రాశావు, ఆ అమ్మాయి ఎలాంటిదో నాకు ఇంకా తెలీదు.

వాళ్ల మాటలు కూడా కొంచెం పోగేసుకో. జైలుని క్‌న్‌జిప్ అంటారు, పెద్దిల్లు అని, అసలైతే ఇంటి పెద్దకొడుకు ఉండే ఇల్లు అన్నమాట. మనం అత్తారిల్లు అంటాం. రెండు చోట్లా జైలుకి చుట్టరికమే తగిలించారు, చిత్రంగా లేదూ. ఎన్నిసార్లు శిక్ష పడితే అన్ని స్టార్లు ఉన్నాయంటారు. కేసు పడిందంటే ఇంటి రిజిస్టర్‌లో ఎర్ర గీత పడింది అంటారు, ఆ రిజిస్టర్ అంటే హోజొక్, మగాడు పెద్దగా ఉండి ఆడవాళ్లంతా ఆయన కింద నమోదయ్యే పాత పద్ధతి, అది 2008లో ఎత్తేశారు. రిజిస్టర్ పోయింది గానీ ఎర్ర గీత మాట పోలేదు. నీ కథలో అత్తగారు "నువ్వు మా పరువు తీశావు" అంటుంది, అది మన సీరియల్ అత్తగారు. ఆవిడ నోట ఎర్ర గీత పెట్టి చూడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, కొంచెం గట్టిగా చెప్తా, బాధపడకు. నీ ముగ్గురూ నిర్దోషులే! ఒకామెని బాస్ ఇరికించాడు, ఒకామె భర్త నేరం నెత్తినేసుకుంది, మూడో ఆమె చేతిలోకి కత్తి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. ఇది నీ ఒక్కదాని తప్పు కాదులే, డ్రామాల దారే అది. 2013లో వాళ్ల కేబీఎస్ చానెల్లో వచ్చిన సీక్రెట్ డ్రామా నువ్వు చూసే ఉంటావు, 16 ఎపిసోడ్లు, హ్వాంగ్ జంగ్-ఉమ్ వేసింది, కారు నడిపి మనిషిని గుద్దింది ప్రియుడు, జైలుకెళ్లింది ఈ అమ్మాయి, లోపలే బిడ్డని కంటుంది. బాగానే ఏడిపిస్తుంది, నేనూ ఏడ్చా, కాదనను. కానీ అక్కడ కూడా మనం ఆమె పక్షాన ఉండటానికి మొదటి గంటలోనే మనకి రసీదు ఇచ్చేశారు, ఈమె చెయ్యలేదండీ, ధైర్యంగా ప్రేమించండి అని. నువ్వు మూడు రసీదులు చింపావు. చేసినదాన్ని రాయి. డబ్బు తీసింది, నిజంగానే తీసింది, అవసరానికి కొంత, ఆశకి కొంత, ఎంత అవసరమో ఎంత ఆశో ఆమెకే లెక్క తేలదు. అలాంటి మనిషితో నన్ను ఇరవై పేజీలు నడిపించు చూద్దాం, అప్పుడు ఒప్పుకుంటా.

మా వీధిలో ఒకావిడ ఉండేది, నాలుగేళ్లు లోపలుండి వచ్చింది, ఏం చేసిందో వీధందరికీ తెలుసు. వచ్చాక ఇస్త్రీ బండి పెట్టుకుంది. జనం బట్టలు ఇచ్చేవాళ్లు, మంచివాళ్లే పాపం, కానీ ఆవిడకి లెక్కపెట్టి ఇచ్చి తిరిగొచ్చాక మళ్లీ లెక్కపెట్టుకునేవాళ్లు, అదే పక్క సందులో ఇస్త్రీ ఆయనకైతే మూటకట్టి పడేసేవాళ్లు. మా అమ్మ కూడా లెక్కపెట్టేది. కొన్నాళ్లకి ఆవిడే, మనం అడక్కుండానే, మన ముందే పైకి లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది, ఒకటి రెండు మూడు అని గట్టిగా. నేను ఇన్నేళ్లు రాశాను గానీ ఆ లెక్క గొంతుని ఇప్పటిదాకా కథలో పెట్టలేకపోయా.

అలాంటివి కొరియాలో ఏముంటాయో వెతుక్కో, బోలెడు దొరుకుతాయి. నువ్వు జైలు సియోల్ మధ్యలో పెట్టావు. ఆ దేశం మొత్తానికి ఆడవాళ్ల కోసమే ఉన్న జైలు ఒక్కటే, 1989లో మొదలైంది, ఛొంగ్‌జులో ఉంది, మిగతా చోట్ల మగవాళ్ల జైళ్లలోనే ఆడవాళ్లకి వేరే వార్డులు ఉంటాయి. కాబట్టి నీ అమ్మాయి ఛొంగ్‌జు నుంచి సియోల్‌కి బస్సులో రావాలి. బస్టాండ్‌లో ఆకలేసి ఏదైనా తిందామని వెళ్తే ఆర్డర్ తీసుకోడానికి మనిషి లేడు, టచ్ స్క్రీన్ మెషిన్ ఉంది, ఆమె లోపలికెళ్లేటప్పటికి అవి అంతగా లేవు, వెనకాల క్యూ పెరుగుతోంది. చేతిలో లోపల పని చేసినందుకు ఇచ్చిన డబ్బులు నోట్లలో ఉన్నాయి, మెషిన్ కార్డు అడుగుతోంది. ఆకలి మీదే క్యూలోంచి తప్పుకుని పక్కకి జరిగి నిలబడింది. మంచు కన్నా ఇది పెట్టు ముందు.

తర్వాత ఫోన్. అక్కడ నీ పేరు మీద ఫోన్ లేకపోతే ఆన్‌లైన్‌లో నువ్వు నువ్వే అని చెప్పుకోవడం మహా కష్టం, దేనికైనా ఫోన్‌కి కోడ్ రావాలి. మన ఓటీపీ గోలే అనుకో. ఇల్లు ఇంకో కథ, అద్దెకి దిగాలంటే ముందు పెద్ద మొత్తం డిపాజిట్ కట్టాలి, అంత డబ్బు ఎక్కడిది, కాబట్టి గోషీవన్‌కి వెళ్తుంది. ఒకప్పుడు ప్రభుత్వ పరీక్షలకి చదివేవాళ్ల కోసం పెట్టిన అగ్గిపెట్టె గదులు అవి, మన అశోక్‌నగర్‌లో గ్రూప్స్ వాళ్ల రూమ్‌లు గుర్తొస్తాయి, ఇప్పుడు డిపాజిట్ లేనివాళ్లంతా అక్కడే. మంచం, చిన్న టేబులు, చాలా గదులకి కిటికీ కూడా ఉండదు. ఏళ్ల తరబడి సెల్‌లో ఉండొచ్చిన మనిషి అంతకన్నా ఇరుకు గదికి నెలనెలా డబ్బు కట్టి ఉండటం ఎలా ఉంటుందో నువ్వు రాయి, నేను చెప్పను. బయటికొచ్చినవాళ్లకి ఉండటానికి చోటు, పని చూపించే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది, హీరో వచ్చి కాపాడక్కర్లేదు, ఒక ఆఫీసు బెంచీ మీద ఫారం నింపే సీన్ చాలు. పైగా నీ హీరో కంపెనీ వారసుడు, ఆరడుగులు, గొడుగు... వద్దు తల్లీ.

చట్టాలు కూడా చూసుకో, ఏ ఏడాది కథో ముందు తేల్చుకుని. నీ రెండో ఆమెకి లోపల బిడ్డ పుట్టాడు, నాలుగేళ్లు జైల్లోనే పెంచింది అని రాశావు. అక్కడ బిడ్డని తల్లి దగ్గర ఉంచేది 18 నెలలే. మన దగ్గర ఆరేళ్లు, సుప్రీంకోర్టు 2006లో చెప్పింది, ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ పేరు మీదే ఉంది, నువ్వు బహుశా అది మనసులో పెట్టుకుని రాసుంటావు. 18 నెలలంటే పిల్లాడికి నడకొచ్చి, నాలుగు మాటలొచ్చి, సరిగ్గా అమ్మని గుర్తుపట్టి వదలని వయసు, ఆ రోజు తీసుకెళ్లిపోతారు. బయటికొచ్చాక ఆ పిల్లాడికి ఈమె ఎవరు? నీ కథలో పిల్లాడు పరిగెత్తుకొచ్చి అమ్మా అని కాళ్లు పట్టుకున్నాడు. పట్టుకోడు. వాడికి గుర్తుండదు.

ఇంకోటి, అక్కడ 2015 దాకా వివాహేతర సంబంధం నేరం, ఆడా మగా ఇద్దరికీ శిక్షే, ఆ ఏడాది ఫిబ్రవరిలో వాళ్ల రాజ్యాంగ కోర్టు కొట్టేసింది. మన 497 సెక్షన్ 2018లో పోయింది గానీ అందులో ఆడదానికి శిక్షే లేదు, ఆమెని భర్త సొత్తులా చూసిన చట్టం అది. మూడో ఆమె చేతిలో ఆ కత్తి తీసేసి ఈ కేసు పెడితే ఎలా ఉంటుంది? తను జైలుకెళ్లిన నేరం ఇప్పుడు నేరమే కాదు, అత్తగారికి మాత్రం ఇంకా నేరమే. ఊరికే అనిపించింది, నీ ఇష్టం.

అక్కా అనమన్నా కదా మొదట్లో. లోపల మనిషికి నంబరే పేరు, ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు మాత్రం ఒన్ని అనుకుంటారు, మన అక్క. మీరు నువ్వు తేడాలు మనకన్నా వాళ్లకే ఎక్కువ, ఎవరు ఎవర్ని ఏ క్రియతో పిలుస్తున్నారన్నదే సగం డ్రామా, సబ్‌టైటిల్స్‌లో అదంతా పోతుంది గానీ తెలుగులో రాసే నీకు ఆ అదృష్టం ఉంది, వాడుకో. బయటికొచ్చాక ఏ రెస్టారెంట్ ఓనరో మొదటిసారి పేరు పెట్టి, పక్కన మన గారు లాగా షి తగిలించి పిలిస్తే, ఆ పిలుపు తనకే అని అర్థమవడానికి ఎంతసేపు పడుతుంది? ముగ్గురూ ఏళ్ల తర్వాత బస్టాప్‌లో కలిసినప్పుడు చుట్టూ జనం ఉండగా ఒన్ని అని అరవగలరా, ఎక్కడ పరిచయం మీకు అని పక్కవాళ్లు అడిగితే? నీ కథలో ముగ్గురూ కలిసినప్పుడల్లా కౌగిలించుకుంటున్నారు. కనీసం ఒక్కసారైనా ఒకామె చూసి చూడనట్టు వెళ్లిపోవాలి అనిపిస్తుంది నాకు, రెండో ఆమె కూడా అర్థం చేసుకుని పిలవకుండా ఊరుకోవాలి.

చివర్లో బేకరీ పెట్టించావు ముగ్గురితో, పూలు, గాజు అద్దాలు, మొదటి రోజే క్యూ. పెట్టించు, వద్దనట్లేదు, లోపల ఆ పని నేర్పుతారు కూడా. కానీ షట్టర్ ఎత్తడానికి డిపాజిట్ ఎవరు కట్టారో, లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో, మైదా బాకీ ఎంతో చెప్పకుండా పెట్టించకు. అక్కడ నమ్మలేని మలుపులతో లాగే డ్రామాల్ని మక్‌జాంగ్ అని తిడతారు, గని సొరంగం చివరి మొన అని అర్థం, ఇంక తవ్వడానికి ఏమీ లేని చోటు. తిట్టుకుంటూ చూస్తారులే, మనలాగే.

మొత్తం తిరగరాయకు, ఇప్పుడే వద్దు. బస్టాండ్‌లో ఆ మెషిన్ ముందు నిలబడ్డ సీన్ ఒక్కటి రాసి పంపు, రెండు పేజీలైనా సరే, ఏడుపు లేకుండా. ఫాంట్ కొంచెం పెద్దది పెట్టు, ఇంకు అయిపోతోందని మా అబ్బాయి ఒకటే గొణుగుడు గానీ నాకు కళ్లు కనబడాలి కదా.

మీ అక్క