కొండవాలు కాలనీల్లో ఫీల్డ్ వర్క్: మోకాళ్ల నొప్పి, 14,000 గౌరవ వేతనం. ఏం సర్దుకోవాలి, ఏం అడగాలి?

మీరు అడిగింది ఇదీ: ఎం.ఎస్.డబ్ల్యూ. (సామాజిక సేవలో పీజీ) చేసి విశాఖలో ఒక స్వచ్ఛంద సంస్థలో మూడేళ్లుగా పని. వారానికి నాలుగు రోజులు ఆరిలోవ, హనుమంతవాక వైపు కొండ మీది కాలనీల్లో హోమ్ విజిట్లు, రెండు రోజులు ఆఫీసులో ఎంట్రీలు. నెలకు 14,000 రూపాయల గౌరవ వేతనం. విశాఖలో 16 మంది, పాడేరులో మరో ఆరుగురు. ఆర్డరు కాగితం లేదు, పీఎఫ్ (భవిష్య నిధి) లేదు, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) లేదు. నడుము, కుడి భుజం, మోకాళ్లు పట్టేస్తున్నాయి. అడిగితే ‘సేవలో ఈ లెక్కలేమిటి’ అంటున్నారు.

మీ నొప్పి, మీ కాగితాలు రెండు వేర్వేరు సమస్యలు కావు. నొప్పిని ఒంటి బలహీనతగా చూసినన్నాళ్లూ మాత్రలే దొరుకుతాయి. పని ఏర్పాటులో లోపంగా రాసి చూపిస్తే బ్యాగూ మారుతుంది, కుర్చీ మారుతుంది, ఈఎస్‌ఐ కూడా వస్తుంది. అందుకే రేపటి నుంచి రెండు వారాలు ఒక చిన్న నోటు పుస్తకంలో రాయండి: తేదీ, ఏ కాలనీ, ఎన్ని ఇళ్లు, సుమారు ఎన్ని మెట్లు, బ్యాగు బరువు, ఎంతసేపు నేల మీద కూర్చున్నారు, సాయంత్రానికి నొప్పి పదిలో ఎంత. డాక్టరు ముందు ఈ పేజీలు పెడితే ఓపీ చీటీలో పని వివరం కూడా రాయించుకోవచ్చు. తర్వాత అన్నిటికీ ఆ చీటీయే ఆధారం. ఒక్క జాగ్రత్త: కాలు తిమ్మిరెక్కి పాదంలో పట్టు తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా రాసుకుంటూ కూర్చోవద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ముందు బ్యాగు సంగతి. కిరాణా కొట్టు కాటా మీద ఒకసారి తూయించండి. ట్యాబు, పవర్‌బ్యాంకు, రెండు రిజిస్టర్లు, బొమ్మల ఫ్లిప్ చార్టు, లీటరు నీళ్లు, క్యారేజీ, గొడుగు కలిస్తే ఆరేడు కిలోలు సులువుగా దాటుతుంది. ఒంటి బరువులో పదో వంతు మించకుండా చూసుకోండి. 55 కిలోల మనిషికి ఐదున్నర కిలోలన్నమాట. ఒంటి పట్టీ బ్యాగు వేసుకుంటే అది జారకుండా ఆ భుజాన్ని రోజంతా పైకెత్తి పట్టుకుంటాం. మీ కుడి భుజం నొప్పికి నేను మొదట అనుమానించేది దాన్నే. రెండు పట్టీల బ్యాగు తీసుకుని, బరువైన రిజిస్టరు వీపుకి ఆనేట్టు పెట్టి, బ్యాగు అడుగు నడుము దిగకుండా పట్టీలు బిగించండి. స్కూటీ మీద వెళ్లేటప్పుడు బ్యాగు వీపున కాదు, ఫుట్‌బోర్డు మీద ఉండాలి. వీపున ఉంటే ప్రతి గుంతలోనూ ఆ బరువు వెన్ను మీదే పడుతుంది మరి. అసలు రిజిస్టర్లన్నీ మోయడం దేనికి? ఆ రోజు చూసే కేసుల షీట్లు మాత్రమే తీసుకెళ్లండి. బ్యాగు పోతే అందరి గుట్టూ బజారున పడకుండా ఉంటుంది, ఆ లాభం కూడా చిన్నది కాదు.

మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి ఎక్కడమే కష్టమనుకుంటాం. మోకాలిని నిజంగా అరగదీసేది దిగడం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువంతా ఆపాలి, ఆ ఒత్తిడి చిప్ప కిందికి చేరుతుంది. అందువల్ల విజిట్ల వరుస మార్చండి. కేసు నంబర్ల ప్రకారం పైకీ కిందికీ తిరగొద్దు. కొండను అడ్డంగా ఉన్న వీధుల వారీగా విడగొట్టి, ఒక వరస మొత్తం ముగించుకున్నాకే పై వరసకు వెళ్లండి. భోజనానికి రోడ్డు మీదికి దిగకుండా పైన ఉన్న అంగన్‌వాడీలోనో తెలిసినవాళ్ల అరుగు మీదో తినేస్తే రోజుకు ఒకసారి ఎక్కడం, ఒకసారి దిగడంతో సరిపోతుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయండి. చెప్పులకి వెనక పట్టీ ఉండాలి. స్లిప్పర్లు జారకుండా వేళ్లతో బిగబట్టి నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. వానాకాలంలో ఆ సిమెంటు మెట్లకు నాచు పడుతుంది కనుక అడుగున గాళ్లు అరిగిపోయిన చెప్పులతో వెళ్లొద్దు.

ఇళ్లలో కూర్చోవడం దగ్గర చాలామంది మొహమాటపడతారు. నేల మీద కూర్చుంటేనే మనల్ని తమలో ఒకరిగా చూస్తారన్న నమ్మకం మన చదువులోనే పాతుకుపోయింది. మర్యాద మన మాటలో ఉంటుంది, మోకాలు మడవడంలో కాదు. ‘మోకాళ్లు నొప్పమ్మా, పీట ఉంటే ఇస్తారా’ అంటే ఎవరూ తప్పుపట్టరు. వాళ్లకూ ఆ నొప్పి తెలుసు. గడప మీద కూర్చోనివ్వరు గానీ అరుగు, మెట్టు, మంచం అంచు ఏదైనా నేల కంటే మేలే. పావుగంటకోసారి కాళ్లు చాపండి. ట్యాబు ఒళ్లో పెట్టుకుని మెడ వంచి అక్కడికక్కడే ఎంట్రీ చేయకండి. నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకుని, బయటికొచ్చాక ట్యాబు ఛాతీ ఎత్తులో పట్టుకుని నింపండి. లోపల ఎప్పుడూ తలుపు దగ్గరి చోటే ఎంచుకోండి, మీకూ తలుపుకీ మధ్య ఎవరూ ఉండకూడదు.

నీళ్ల గురించి ఆడవాళ్లు బయటికి చెప్పరు, కానీ ఇది పెద్ద సమస్య. మరుగుదొడ్డి దొరకదని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా తిరుగుతారు. మన సముద్రపు ఉక్కలో అది తలనొప్పితో మొదలై మూత్రంలో మంట దాకా వెళ్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎండలో పని చేస్తున్నప్పుడు ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు పడాలి. దీనికి విడిగా ధైర్యం చెప్పి లాభం లేదు. టీమంతా కూర్చుని ప్రతి కాలనీకి వాడుకోదగ్గ మరుగుదొడ్లు ఎక్కడున్నాయో ఒక పటం గీయండి: పట్టణ ఆరోగ్య కేంద్రం, అంగన్‌వాడీ, వార్డు సచివాలయం, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) పబ్లిక్ టాయిలెట్. ఏది ఎన్నింటికి తెరుస్తారో కూడా రాయండి. విజిట్ల ప్రణాళిక ఈ పటాన్ని బట్టి వేయాలి. ఎండాకాలంలో విజిట్లు 11 లోపు, మళ్లీ 4 తర్వాత అని సంస్థ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

ఆఫీసులో ఖర్చు తక్కువ. మామూలు బల్ల 75 సెంటీమీటర్లు ఉంటుంది. ఐదడుగుల మనిషికి అది ఎత్తు కావడంతో టైపు చేస్తున్నంతసేపూ భుజాలు పైకి లేస్తాయి. కుర్చీలో గట్టి దిండు వేసి మోచేయి బల్ల ఎత్తుకు తెచ్చుకోండి. అప్పుడు పాదాలు నేలకు అందవు, పాత రిజిస్టర్ల కట్ట కాళ్ల కింద పెట్టండి. దిండు ఒక్కటే వేసి కాళ్లు వేలాడదీస్తే తొడల కింద ఒత్తుకుని తిమ్మిర్లు వస్తాయి. ల్యాప్‌టాప్‌ను తెర పై అంచు కంటికి సమంగా వచ్చేట్టు పుస్తకాల మీదికి ఎత్తి, కీబోర్డు, మౌసు విడిగా పెట్టుకోండి. అరగంటకోసారి లేవండి.

టీబీ కేసులు చూసేవాళ్లు కౌన్సెలింగ్ గదిలో ఫ్యాను గాలి మీ వైపు నుంచి రోగి వైపు, అక్కడి నుంచి కిటికీలోకి వెళ్లేట్టు కుర్చీలు వేసుకోవాలి. ఆసుపత్రుల్లో తిరిగేవాళ్లు హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల లెక్కలో మూడు డోసులూ వేయించుకోవాలి. సూది గుచ్చుకుంటే వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా హెచ్‌ఐవీ నివారణ మందులు మొదలుపెట్టాలి. అవి 28 రోజులు వాడాలి.

ఇక హక్కులు. ‘గౌరవ వేతనం’ అని పేరు పెట్టినంత మాత్రాన మీరు ఉద్యోగి కాకుండా పోరు. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేదాన్నీ ప్రభుత్వం అలాగే పిలుస్తుంది. అయినా 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) వర్తిస్తుందని తీర్పిచ్చింది. మీకు పని వేళలు ఎవరు పెడుతున్నారు, సెలవు ఎవరి అనుమతితో తీసుకుంటున్నారు, టార్గెట్ ఎవరిస్తున్నారు? వీటికి ఆధారాలు పోగు చేయండి: హాజరు పట్టీ ఫొటో, వాట్సాప్‌లో వచ్చిన ఆదేశాలు, ఐడీ కార్డు, బ్యాంకులో పడిన డబ్బు. ఆదాయపు పన్ను ఖాతాలో మీ పేరు మీద 10 శాతం కోత వృత్తి రుసుము కింద కనిపిస్తే మిమ్మల్ని కన్సల్టెంటుగా చూపిస్తున్నారని అర్థం. అది కూడా తెలుసుకుని ఉండాలి.

పాత కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పది మంది పనిచేసే చోట నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, జీతం 21,000 దాటకపోతే ఈఎస్‌ఐ. మీ 14,000 మీద మీ వంతు 0.75 శాతం, అంటే 105 రూపాయలు. సంస్థ వంతు 3.25 శాతం, 455 రూపాయలు. పీఎఫ్‌కి 20 మంది కావాలి. ‘మనం 16 మందిమే’ అని మీవాళ్లు చెబుతున్నారు కానీ శాఖలన్నీ కలిపే లెక్క. పాడేరు ఇప్పుడు వేరే జిల్లా అయినా సంస్థ ఒకటే కనుక మీరు 22. ఊడ్చే ఆయమ్మ, కాంట్రాక్టు డ్రైవరు కూడా ఈ లెక్కలోకి వస్తారు. 12 శాతం చొప్పున మీ వంతు 1,680, సంస్థ వంతు 1,680. ఇక్కడ జరిగే మోసం ఒకటుంది: సంస్థ వాటాను కూడా మీ 14,000లోంచే కోస్తారు. అది చట్టవిరుద్ధం. స్లిప్పులో రెండు వాటాలూ విడిగా చూపించమనండి.

గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లకు. నియామక పత్రంలో నిర్ణీత కాలం రాసి ఉంటే కొత్త కోడ్ ప్రకారం ఏడాదికే వస్తుంది. నెల జీతాన్ని 15తో హెచ్చవేసి 26తో భాగిస్తే ఏడాదికి వచ్చే మొత్తం. మీకైతే సుమారు 8,077. ప్రాజెక్టు ముగిసిందని పంపించేసే మన రంగంలో ఆ పత్రం ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. దానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. లైంగిక వేధింపుల చట్టం, 2013 ప్రకారం పని మీద వెళ్లిన ఇల్లు కూడా మీ పనిచోటే. పది మంది ఉన్న సంస్థలో ఈ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతలో ఇవ్వాలి.

ఒక చోట మాత్రం మనం బలహీనంగా ఉన్నాం, దాచకుండా చెబుతాను. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు పారిశ్రామిక వివాదాల చట్టంలోని ‘ఇండస్ట్రీ’ అర్థాన్ని విస్తరించి, సేవాసంస్థల్లో చాలావాటిని దాని కిందికి తెచ్చింది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రధానంగా ధార్మిక, సామాజిక సేవ చేసే సంస్థలను ఆ నిర్వచనం నుంచి తప్పించింది. అందుకని ఉద్యోగం తీసేస్తే ఆ కోడ్ కింద పోరాడటం కష్టం. జీతం, ఈఎస్‌ఐ, పీఎఫ్, ప్రసూతి హక్కులకు దారులు వేరు, వాటిని అది ఆపదు. మానేసినా తీసేసినా లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. జీతం బకాయిల క్లెయిముకు మూడేళ్ల గడువు ఉంది.

అడగడం ఒంటరిగా చేయకండి. ఐదారుగురు సంతకాలతో ఒక్క పేజీ ఉత్తరం చాలు. అందులో నిందలు వద్దు, వస్తువులు, అంకెలు ఉండాలి: రెండు పట్టీల బ్యాగులు ఎన్ని, కీబోర్డులు ఎన్ని, ఈఎస్‌ఐ వాటా నెలకెంత, నియామక పత్రాలు ఏ తేదీకి. ‘నిధులు లేవు’ అంటారు. తర్వాతి ప్రాజెక్టు ప్రతిపాదనలో సిబ్బంది ఖర్చు కింద సంస్థ వాటా విడి వరుసగా వేయమనండి. చాలాచోట్ల ఆ వరుస వేయకపోవడం వల్లే తర్వాత డబ్బు దొరకదు. ఉత్తరం ఈమెయిల్లో పంపి 15 రోజులు గడువివ్వండి. ఈలోగా ఖాళీ కాగితం మీద గానీ, తేదీ లేని రాజీనామా మీద గానీ, ‘స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను’ అన్న పత్రం మీద గానీ సంతకం పెట్టొద్దు. వోచరు మీద ‘ఫలానా నెల జీతం’ అని మీ చేత్తో రాసి సంతకం చేయండి. జవాబు రాకపోతే జీతం, నియామక పత్రం గురించి కార్మిక శాఖకు, పీఎఫ్, ఈఎస్‌ఐ గురించి వాటి కార్యాలయాలకు విడివిడిగా ఫిర్యాదు ఇవ్వాలి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ నంబరు 15100.

ఈఎస్‌ఐని అన్నిటికంటే ముందు ఎందుకు అడగమంటున్నానంటే, నెమ్మదిగా ముదిరిన నడుం నొప్పిని పని గాయంగా ఒప్పుకోరు. అది జబ్బు కిందే వస్తుంది. జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తుంది. దానికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా పడి ఉండాలి. కొత్తగా చేరినవాళ్లకు ఆ లబ్ధి తొమ్మిది నెలల తర్వాతే మొదలవుతుంది. మెట్ల మీద జారిపడితే మాత్రం అది పని గాయం. అప్పుడు మొదటి రోజు నుంచే హక్కు ఉంటుంది, జీతంలో 90 శాతం వస్తుంది. ఇంటి నుంచి పనికి వెళ్తూ, తిరిగొస్తూ రోడ్డు మీద పడినా ఇదే వర్తిస్తుంది. కాకపోతే ఆ వేళ, ఆ దారి పనికి సంబంధించినవేనని చూపించాలి. కాబట్టి బయల్దేరేటప్పుడు ‘ఫలానా కాలనీకి వెళ్తున్నాను’ అని టీం గ్రూపులో ఒక మెసేజీ పెట్టండి, పడితే అదే రోజు ప్రమాదాల రిజిస్టరులో రాయించండి.