మాస్క్ తీస్తే భయం... డైవ్‌మాస్టర్ అవగలనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. రెండేళ్ల కిందట సెలవుల్లో స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ కోర్సులు చేశాను. ఇప్పటికి 22 డైవ్‌లు అయ్యాయి. మూడు నెలలు ఉద్యోగానికి సెలవు పెట్టి, ఒక చిన్న దీవిలో ఉండి డైవ్‌మాస్టర్ (డైవర్లను నీళ్లలోకి వెంటబెట్టుకుని తీసుకెళ్లేవాళ్లు) శిక్షణ తీసుకోవాలని ఉంది. ఈత వచ్చు కానీ నెమ్మదిగా ఈదుతాను. నీళ్లలో మాస్క్ తీయమంటే మాత్రం ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నేను ఈ పనికి పనికొస్తానా?
– ఒక పాఠకురాలు

జవాబు: పనికొస్తారండీ. ముందు మాస్క్ సంగతి చెప్తాను, ఎందుకంటే ఆ భయం నాకూ ఉండేది. ముక్కుకు నీళ్లు తగలగానే శరీరం తనంతట తానే ఊపిరి బిగబడుతుంది. దాన్ని మనం పిరికితనం అనుకుని కుంగిపోతాం. నేను శిక్షణ తీసుకున్న దీవిలో పడవల రేవు పక్కన నడుము లోతు నీళ్లుండేవి. రోజూ పొద్దున్నే, ట్యాంకులు నింపే కంప్రెసర్ మోత మొదలవకముందే అక్కడికి వెళ్లేదాన్ని. మాస్క్ లేకుండా స్నార్కెల్ గొట్టం మాత్రం నోట్లో పెట్టుకుని, ముఖం నీళ్లలో ముంచి, నోటితో పీల్చి ముక్కుతో వదిలేదాన్ని. మొదటిరోజు ఎనిమిది ఊపిర్లకే లేచి నిలబడ్డాను. రెండు వారాలకు పది నిమిషాలు ఉండగలిగాను. ఒంటరిగా మాత్రం చేయకండి, పక్కన ఎవరైనా ఉండాలి.

ఇక అర్హతల విషయం. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ పద్ధతిలో అయితే 18 ఏళ్లు నిండాలి, కోర్సు మొదలుపెట్టేనాటికి 40 డైవ్‌లు, సర్టిఫికెట్ చేతికొచ్చేనాటికి 60 ఉండాలి. ఆపదలో ఉన్న డైవర్లను కాపాడటం నేర్పే రెస్క్యూ డైవర్ కోర్సు, గత 24 నెలల్లో తీసుకున్న ప్రథమ చికిత్స శిక్షణ, డాక్టర్ సంతకం చేసిన ఫిట్‌నెస్ పత్రం కూడా కావాలి. అంటే మీరు మొదటి కొన్ని వారాలు మరో 18 డైవ్‌లకూ, రెస్క్యూ కోర్సుకూ కేటాయించాలి. దాన్ని ఆలస్యం అనుకోవద్దు. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది రెస్క్యూ కోర్సే.

ఈత గురించి అంత టెన్షన్ వద్దు. 400 మీటర్లు ఆగకుండా ఈదాలి, కాళ్లకు తొడిగే ఫిన్స్‌తో 800 మీటర్లు వెళ్లాలి, 15 నిమిషాలు నీళ్లపై తేలాలి, అలసిన డైవర్‌ను 100 మీటర్లు లాక్కెళ్లాలి. వేగాన్ని బట్టి మార్కులుంటాయి. అయినా నెమ్మదిగా ఈది పూర్తిచేసినవాళ్లు చాలావరకు గట్టెక్కుతారు, మధ్యలో ఆగినవాళ్లు మాత్రం మళ్లీ చేయాలి.

అసలు పరీక్ష వేరే ఉంది. ఇద్దరు ట్రైనీలు నీళ్ల అడుగున ట్యాంకు గాలిని నోటికందించే రెగ్యులేటర్ ఒక్కదానితోనే వంతులవారీగా ఊపిరి తీసుకుంటూ మాస్కులు, ఫిన్స్, ట్యాంకుతో సహా మొత్తం సామాను ఒకరిది ఒకరు మార్చుకోవాలి. మొదటిసారి నేను సగంలోనే పైకి వచ్చేశాను. అప్పుడు నా జోడీ ఒకటే మాట అంది: 'నీ వంతు అయ్యాక రెగ్యులేటర్ నాకివ్వకుండా పట్టుకునే ఉన్నావు.' నాకు ఆ సంగతే తెలియలేదు! రెండోసారి ఆమె కళ్లలోకే చూస్తూ చేశాను. మాస్క్ లేకపోయినా మసక మసకగా ఆ కళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. భయం పోలేదు కానీ పని పూర్తయింది.

మీరు దీవికి వెళ్లేది సముద్రాన్ని చూడటానికే అయితే ఒక్క మాట. డైవ్‌మాస్టర్ కళ్లు ఎప్పుడూ వెనక వచ్చేవాళ్ల మీదే ఉండాలి. శిక్షణ చివర్లో, ఇన్‌స్ట్రక్టర్ మా వెనకే వస్తుండగా, నలుగురిని 16 మీటర్ల లోతుకు తీసుకెళ్లాను. ఒక తాబేలు కనిపించింది. దాని వెంటే చూస్తూ ఉండిపోయాను. అంతకుముందు నేను ఒకాయన గేజ్ (ట్యాంకులో గాలి ఒత్తిడి చూపేది) చూసినప్పుడు 110 బార్ ఉంది, మళ్లీ చూసేసరికి 60! 12 లీటర్ల ట్యాంకును 200 బార్‌కు నింపితే దాదాపు 2,400 లీటర్ల గాలి. 10 మీటర్ల లోతులో ప్రతి ఊపిరికీ పైన పట్టే గాలికి రెట్టింపు, 20 మీటర్లలో మూడు రెట్లు ఖర్చవుతుంది. కంగారుపడే మనిషికి ఇంకా ఎక్కువ. మేం నెమ్మదిగానే పైకి వచ్చాం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాం కూడా. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన నన్ను నమ్మి కిందికి వచ్చాడు కదా!

తిరిగొచ్చాక కూడా పని ఉంటుంది. ఒక్కోటి దాదాపు 15 కిలోల ట్యాంకులు మోయడం, సామాను మంచినీళ్లలో కడగడం, డైవ్‌ల వివరాలు లాగ్‌లో రాయడం. అవన్నీ ఇష్టంగా చేయగలిగితేనే బయల్దేరండి.

ప్రశ్న: శిక్షణలో ఒక్కరోజు పోయినా వెనకబడతాను. జలుబు చేస్తే మందు వేసుకుని డైవ్ చేయొచ్చా?

జవాబు: వద్దు. నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. మాత్ర వేసుకుంటే చాలని ఒక ఇన్‌స్ట్రక్టర్ అన్నారు, నేను విన్నాను. నాలుగు మీటర్ల దగ్గర చెవిలో నొప్పి మొదలైతే ఓర్చుకుని ఇంకా దిగాను. పైకి వచ్చేసరికి మాస్క్‌లో రక్తం ఉంది. నాలుగు వారాలు నీళ్లలోకి దిగొద్దన్నారు డాక్టర్. ఒకరోజు మిగుల్చుకుందామని నెల పోగొట్టుకున్నాను.

నీటిపైన ఉన్న గాలి 10 మీటర్ల దగ్గరికి వెళ్లేసరికి సగానికి కుంచించుకుపోతుంది. అందుకే చెవులకు ఎక్కువ కష్టం పైపొరల్లోనే. నొప్పి రాకముందే, ప్రతి మీటరుకూ చెవుల ఒత్తిడి సరిచేసుకోవాలి. కుదరకపోతే కాస్త పైకి రావాలి, అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకు మానేయాలి. మందు ప్రభావం అడుగున ఉండగానే తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు చెవిలోని గాలి బయటికి పోలేక ఇరుక్కుంటుంది. అది ఇంకా ప్రమాదం. ప్రతి డైవ్ తర్వాత చెవులను మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి, పుల్లలు పెట్టొద్దు.

ప్రశ్న: పని చేస్తే శిక్షణ ఉచితమని ఒక దీవిలోని డైవ్ సెంటర్ చెప్పింది. నమ్మొచ్చా?

జవాబు: రాతపూర్వకంగా ఇవ్వమనండి. రోజుకు ఎన్ని గంటలు పని, వారానికి ఎన్ని సెలవులు, ఎన్ని డైవ్‌లు, పుస్తకాల, సర్టిఫికెట్ ఖర్చు ఎవరిది అన్నవన్నీ అందులో ఉండాలి. ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమంది ట్రైనీలున్నారో, పడవలో ఆక్సిజన్ ఉందో లేదో, దగ్గర్లోని రీకంప్రెషన్ చాంబర్‌కు (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు ఏర్పడినవాళ్లకు ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) ఎంతసేపు ప్రయాణమో అడగండి. చిన్న దీవుల్లో చాంబర్ ఉండకపోవచ్చు. అక్కడికి ప్రయాణం, చికిత్స ఖర్చును భరించే డైవింగ్ బీమా ముందే తీసుకోండి. తిరుగు ప్రయాణం టికెట్ కొనేటప్పుడు చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా చూసుకోండి.