మీ ప్రశ్నలు – మా జవాబులు: గిటార్ వాయిస్తూ పాడేవాళ్ళకి ఏ ఆంప్ మంచిది?

ప్రశ్న: నమస్తే అండీ. నేను అకౌస్టిక్ గిటార్ వాయిస్తూ పాడతాను. శనాదివారాలు ఇక్కడే ఒక కెఫేలో, అప్పుడప్పుడు పుట్టినరోజు ఫంక్షన్లలో, మహా అయితే యాభై అరవై మంది ఉంటారు. గిటార్‌లో పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చి ఆంప్‌కి పంపేది) ఉంది. ఇన్నాళ్ళూ ఫ్రెండ్ తన ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్ ఇస్తే దాంతోనే లాగించేశా, మైక్ కూడా దానికే పెడితే మాత్రం గొంతు దుప్పటి ముసుగేసుకుని పాడినట్టు వస్తోంది. కొత్తది కొందామంటే షాపులో 100 వాట్లకి తగ్గితే పనికిరాదంటున్నారు, మా గిటార్ మాస్టారేమో అకౌస్టిక్ ఆంప్ తీసుకో అంటారు, బ్యాండ్‌లో ఉన్న మా అన్నయ్య అవన్నీ దండగ, ఒక పవర్డ్ స్పీకర్ (లోపలే ఆంప్ ఉన్న స్పీకర్) చాలు అంటాడు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ మాస్టారి మాట వినండి. మీ అన్నయ్య చెప్పిందాంట్లో కూడా నిజం ఉంది, దాని సంగతి కాసేపట్లో చెప్తా. షాపువాళ్ళ 100 వాట్ల లెక్క మాత్రం పక్కన పెట్టేయండి.

చాలామంది ఆంప్ కొనడానికి గిటార్ పట్టుకెళ్తారు, నాలుగు కార్డ్స్ కొట్టి బాగుంది అనుకుని డబ్బులు కట్టేసి ఇంటికి తెచ్చుకుంటారు, మైక్ పెట్టి ఒక్క చరణం కూడా పాడి చూడరు. కానీ కెఫేలో మీ ముందు కూర్చున్నవాళ్ళు మొదట వినేది పాట, అందులోని మాటలు. అందుకే నేనెప్పుడూ గొంతుని బట్టే ఆంప్ ఎంచుకోమని చెప్తాను, గొంతు శుభ్రంగా వినిపించే ఆంప్‌లో అకౌస్టిక్ గిటార్ ఎలాగూ బాగానే పలుకుతుంది, గిటార్ బాగుందని కొన్న ప్రతి ఆంప్‌లో గొంతు బాగుంటుందన్న గ్యారంటీ లేదు.

మీ ఫ్రెండ్ ఆంప్‌లో గొంతు అలా రావడానికి కారణం చాలా సింపుల్. ఎలక్ట్రిక్ గిటార్ ఆంపుల్లో మామూలుగా ఉండేది 10 అంగుళాలదో 12 అంగుళాలదో స్పీకర్ మాత్రమే, ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికించే చిన్న స్పీకర్) ఉండదు. సుమారు 5000 హెర్ట్జ్ దాటాక ఆ స్పీకర్ నుంచి వచ్చే సౌండ్ బాగా పడిపోతుంది. దాన్ని లోపం అనుకోవద్దు, డిస్టార్షన్ (ఎలక్ట్రిక్ గిటార్ గరగరమనే సౌండ్) పెట్టి వాయించినప్పుడు చెవులకి గుచ్చుకోకుండా ఉండడానికి అదే కావాలి. పాటకి మాత్రం అది చావుదెబ్బ, ఎందుకంటే మనం "స" అన్నప్పుడు వచ్చే గాలి శబ్దంలో ఎక్కువ భాగం ఆ 5000 పైనే ఉంటుంది, అదంతా పోతే ట్యూన్ వినపడుతుంది గానీ మాట అర్థం కాదు. గిటార్ తీగల మీద పిక్ తగిలినప్పటి ఆ మెరుపు కూడా అక్కడే పోతుంది.

అకౌస్టిక్ ఆంప్‌లో ఊఫర్‌తో (బరువైన శబ్దాలు పలికించే పెద్ద స్పీకర్) పాటు సాధారణంగా ట్వీటర్ ఉంటుంది, రెండు ఛానెల్స్ ఉంటాయి, ఒకటి గిటార్‌కి, ఇంకోటి మైక్‌కి. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చూడండి. మైక్ ఛానెల్‌కి మూడు పిన్నుల ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్ పట్టే సాకెట్ ఉండాలి, దానికి విడిగా వాల్యూమ్, బాస్, ట్రెబుల్ ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు వచ్చే ప్రతిధ్వని) రెండు ఛానెల్స్‌కీ వేరువేరుగా సెట్ చేసుకునేలా ఉండాలి. గొంతుకి కొంచెం రివర్బ్ పెడితే హాయిగా ఉంటుంది, అంతే రివర్బ్ గిటార్‌కి కూడా పడితే స్ట్రమ్మింగ్ అంతా కలగాపులగం అయిపోతుంది. చవక మోడల్స్ కొన్నిట్లో రెండిటికీ కలిపి ఒకటే రివర్బ్ నాబ్ ఇస్తారు, నేనైతే అలాంటిది కొనొద్దనే అంటాను.

ఇక వాట్లు. 60 వాట్ల ఆంప్ పక్కన 120 వాట్లది పెడితే రెట్టింపు గట్టిగా వినపడుతుందనుకుంటాం కదా, కాదండీ, తేడా 3 డెసిబెల్స్ మాత్రమే, అంటే కొద్దిగా పెరిగినట్టు అనిపిస్తుంది అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పవర్ పది రెట్లు కావాలి. పైగా స్పీకర్ ఎంత సమర్థంగా పలుకుతుందన్నది కూడా ఉంటుంది, వాట్ల అంకె అది చెప్పదు. యాభై అరవై మంది కూర్చునే కెఫేకి మంచి 60 వాట్ల అకౌస్టిక్ ఆంప్ సుఖంగా సరిపోతుంది. లాన్‌లో సంగీత్ ఫంక్షన్ లాంటిదైతే 60 కాదు 120 అయినా చాలదు, అక్కడ ఎలాగూ సౌండ్ సిస్టం వాళ్ళు ఉంటారు, మీ ఆంప్ వెనక డీఐ అవుట్ (మిక్సర్‌కి నేరుగా సిగ్నల్ పంపే సాకెట్) ఉంటే అందులోంచి ఒక కేబుల్ వాళ్ళ మిక్సర్‌కి ఇచ్చేసి ఆంప్‌ని మీ సౌండ్ మీకు వినపడేలా పక్కన మానిటర్‌లా పెట్టుకోండి. కాబట్టి 60కీ 100కీ మధ్య తేడా డబ్బు డీఐ అవుట్ ఉన్నదానికి పెట్టండి, మంచి మైక్‌కి పెట్టండి. షూర్ ఎస్ఎం58 ఇప్పటికీ నేను కళ్ళు మూసుకుని చెప్పే మైక్, 1966 నుంచి వస్తోంది, ఫాంటమ్ పవర్ (మైక్‌కి కేబుల్‌లోంచే ఇచ్చే కరెంట్) అక్కర్లేదు, కింద పడినా తట్టుకుంటుంది, కాకపోతే నకిలీలు విపరీతంగా ఉన్నాయి, నమ్మకమైన డీలర్ దగ్గర బిల్లుతో తీసుకోండి.

మీరు అడగలేదు గానీ రేపు మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఫీడ్‌బ్యాక్, ఆ కుయ్‌మనే కూత, గిటార్‌లోంచైతే బూమ్ అని మొదలవుతుంది. అకౌస్టిక్ గిటార్ లోపల ఖాళీ కదా, పెద్ద బాడీ ఉన్న గిటార్లలో ఆ గాలి దాదాపు 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆంప్‌లోంచి వచ్చిన సౌండ్ వెళ్ళి గిటార్ పైచెక్కని కదిలిస్తుంది, పికప్ దాన్ని మళ్ళీ ఆంప్‌కి పంపిస్తుంది, అలా తిరిగి తిరిగి పెరిగిపోతుంది. దీనికి ఆంప్‌లో రెండు ఆయుధాలుంటాయి, ఒకటి సిగ్నల్‌ని తలకిందులు చేసి ఆ చక్రాన్ని తెంపడానికి చూసే ఫేజ్ బటన్, రెండోది నాచ్ ఫిల్టర్, అదే కొన్నిట్లో యాంటీ ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది, మోగుతున్న ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రం తగ్గిస్తుంది. కనీసం ఒకటైనా ఉన్నదే కొనండి. సౌండ్‌హోల్‌కి పెట్టే రబ్బరు మూత కూడా ఒకటి తెచ్చుకోండి, చిన్న వస్తువే, పని మాత్రం చాలా చేస్తుంది.

అంతకంటే ముందు ఆంప్ ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. చాలామంది సరిగ్గా వీపు వెనక పెడతారు, అప్పుడు ఆంప్ సౌండ్ నేరుగా మైక్ మూతిలోకే పోతుంది. పాడే మైకులు ఎక్కువగా ముందు నుంచి వచ్చేదాన్ని పట్టుకుని వెనక నుంచి వచ్చేదాన్ని వదిలేసే రకం, అందుకని ఆంప్‌ని మీ పక్కగా, మైక్ కంటే అడుగో రెండడుగులో ముందుకి, జనం వైపు తిప్పి పెట్టి చూడండి, వాల్యూమ్ ఇంకా ఎంతవరకు పెంచుకోవచ్చో మీకే తెలుస్తుంది. మైక్ జాలీని చేత్తో మూయొద్దు, పెదాలు దగ్గరగా పెట్టి పాడండి, దూరం సగమైతే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అది ఊరికే వచ్చే లాభం.

మోడల్స్ చెప్పమంటారు కాబట్టి చెప్తున్నా. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ 60 వాట్లు, 6.5 అంగుళాల ఊఫర్, అంగుళం ట్వీటర్, దాదాపు 9 కిలోలు, స్కూటీ ముందు పెట్టుకుని కెఫేకి వెళ్ళిపోవచ్చు, మీ అవసరానికి నా మొదటి ఓటు దీనికే. రోలాండ్ ఏసీ-33 ఎనిమిది పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తుంది, కరెంట్‌తో 30 వాట్లు, సెల్స్‌తో 20, బీచ్ రోడ్ మీద, చిన్న గదుల్లో చాలా బాగుంటుంది, నిండా జనం ఉన్న కెఫేకి కొంచెం తక్కువవుతుంది. మార్షల్ ఏఎస్50డీ 50 వాట్లు, రెండు 8 అంగుళాల స్పీకర్లు, నాచ్ ఫిల్టర్ ఉంది, సౌండ్ నిండుగా ఉంటుంది, కాకపోతే బరువు, మెట్లెక్కేవాళ్ళు ఆలోచించుకోవాలి. జర్మనీవాళ్ళ ఏఈఆర్ కాంపాక్ట్ 60లో విడిగా ట్వీటర్ లేకుండానే 8 అంగుళాల ట్విన్ కోన్ (ఒకదాంట్లో ఒకటిగా రెండు కోన్లు ఉన్న) స్పీకర్‌తో గొంతు, గిటార్ రెండూ అద్భుతంగా పలికిస్తారు, 6.5 కిలోలే, ధర మాత్రం చాలా ఎక్కువ, పాటే జీవనాధారం అయ్యాక ఆలోచించండి. రేట్లు షాపుకో రకంగా, నెలకో రకంగా ఉంటున్నాయి కాబట్టి రాయట్లేదు.

ఇప్పుడు మీ అన్నయ్య మాట. పవర్డ్ స్పీకర్, చిన్న మిక్సర్ పెట్టుకుంటే అదే ఖర్చులో ఎక్కువ సౌండ్ వస్తుంది, రేపు ఇంకో సింగర్ వచ్చినా కీబోర్డ్ వచ్చినా ఛానెల్ ఉంటుంది, ఫోన్‌లోంచి ట్రాక్స్ పెట్టి పాడే అలవాటుంటే అదే మేలు. కానీ మోయాల్సినవి రెండు, వైర్లు ఎక్కువ. పైగా మీ గిటార్ పికప్‌కి బ్యాటరీతో నడుస్తూ సిగ్నల్‌ని ముందే సిద్ధం చేసే ప్రీఆంప్ లేకపోతే, మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెట్టగానే సౌండ్ పల్చగా, రేకు డబ్బాలా వస్తుంది, దానికి కనీసం 1 మెగాఓమ్ నిరోధం (ఇంపిడెన్స్) ఉన్న ఇన్‌పుట్ కావాలి, అకౌస్టిక్ ఆంప్‌లో అది మామూలుగానే ఉంటుంది. ఒక్కరే వెళ్ళి ఒక్కరే పాడి వచ్చేవాళ్ళకి అకౌస్టిక్ ఆంప్, మనుషులు పెరుగుతారనుకుంటే పవర్డ్ స్పీకర్, నేనైతే ఇలా విడదీస్తాను.

షాపుకి వెళ్ళేటప్పుడు మీ గిటారే, మీ మైకే పట్టుకెళ్ళండి, తోడు ఒకర్ని తీసుకెళ్ళండి. నాబ్స్ అన్నీ మధ్యలో పెట్టి, రివర్బ్ సున్నా చేసి, గిటార్ ముట్టుకోకుండా ముందు గొంతు ఒక్కటే పాడండి, స, శ, చ ఎక్కువున్న పాట ఎంచుకోండి. తర్వాత గిటార్ కలపండి. తోడొచ్చినవాళ్ళని ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి మాటలు తెలుస్తున్నాయా అని అడగండి, బాగుందా అని అడగొద్దు. వాల్యూమ్ నెమ్మదిగా పెంచుతూ ఎక్కడ కూత మొదలవుతుందో చూడండి. ఇంత చెయ్యనివ్వని షాపులో కొనకండి.

ప్రశ్న: నా గిటార్‌కి పికప్ లేదు. ఆంప్ కొని, ఒక మైక్ గొంతుకి, ఇంకో మైక్ గిటార్ ముందు పెడితే సరిపోదా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నిశ్శబ్దంగా ఉండే గదిలో, రికార్డింగ్‌లో అదే అన్నిటికంటే అందమైన సౌండ్ అండీ. జనం మాట్లాడుకునే చోట మాత్రం ఆంప్ కొంచెం పెంచగానే ఆ రెండో మైక్ కూత పెడుతుంది, మీరు కాస్త కదిలినా గిటార్ సౌండ్ మారిపోతుంది. సౌండ్‌హోల్‌లో బిగించే మాగ్నెటిక్ పికప్ ఒకటి తీసుకోండి, గిటార్‌కి రంధ్రం పెట్టక్కర్లేకుండానే వాటిలో చాలావరకు అమర్చుకోవచ్చు. శాడిల్ (తీగలు ఆనుకునే చిన్న పట్టీ) కింద పెట్టే పీజో రకం పికప్ అయితే గిటార్ రిపేర్ తెలిసినవాళ్ళ చేతే పెట్టించాలి. ఒకవేళ కరెంట్ ఉంటేనే పనిచేసే కండెన్సర్ మైక్ వాడాలనుకుంటే ఆంప్‌లో ఫాంటమ్ పవర్ ఉందో లేదో ముందే కనుక్కోండి, నేను పైన చెప్పిన లౌడ్‌బాక్స్ మినీలో అది లేదు.

ప్రశ్న: మా అమ్మాయి చర్చి క్వయర్‌లో గిటార్ వాయిస్తూ పాడుతుంది. డాలస్‌లో ఉండే మా తమ్ముడు డిసెంబర్‌లో వస్తూ దానికో ఆంప్ తెస్తానంటున్నాడు. అక్కడిది ఇక్కడ పనిచేస్తుందా?
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: కొనే ముందు ఆంప్ వెనక గానీ అడాప్టర్ మీద గానీ ఏం రాసుందో ఫోటో తీసి పంపమనండమ్మా. 100–240 వోల్ట్స్ అని ఉంటే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు, ప్లగ్ మార్చుకుంటే చాలు. 120 వోల్ట్స్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్ట్స్‌లో పెట్టగానే ఫ్యూజో ట్రాన్స్‌ఫార్మరో కాలిపోతుంది. అప్పుడు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, ఆంప్ వెనక రాసిన వాట్లకి రెట్టింపుది తీసుకోవాలి, పాప ఎక్కడ పాడితే అక్కడికి ఆ బరువు కూడా మోసుకెళ్ళాలి. అదీ కాక రిపేర్ వస్తే అక్కడి వారంటీ ఇక్కడ పనిచేయకపోవచ్చు. అందుకే 120 వోల్ట్స్‌ది అయితే వద్దని చెప్పి, ఆ డబ్బుతో ఇక్కడే కొనిపెట్టమనండి.

ఎక్కడ కొన్నా సరే, ఎర్తింగ్ విషయం మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడడం, ఎర్త్ పిన్ తీసేయడం మనవాళ్ళకి అలవాటైపోయింది, అమెరికా ప్లగ్‌కి పెట్టే చవక కన్వర్టర్లలో కూడా చాలావాటికి ఎర్త్ ఉండదు. గిటార్ ఒక సాకెట్‌లో ఉన్న మీ ఆంప్‌కి, మైక్ ఇంకో సాకెట్‌లో ఉన్న వాళ్ళ సౌండ్ సిస్టం‌కి పెట్టి, వాటిల్లో ఒకదానికి ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే, చేతులు గిటార్ కేబుల్ మీద, పెదాలు మైక్ మీద ఉన్న పిల్లకి షాక్ కొట్టొచ్చు, పెద్ద ప్రమాదమే జరగొచ్చు. అందుకే పాప మైక్, గిటార్ రెండూ ఒకే ఆంప్‌కి పెట్టించండి, బయటికి కావాలంటే డీఐ అవుట్ నుంచి ఇవ్వండి, ఆంప్, మిక్సర్ ఒకే బోర్డు నుంచి కరెంట్ తీసుకునేలా చూడండి. మొదలుపెట్టే ముందు మైక్ జాలీకి టెస్టర్ పెట్టి చూడమని అక్కడి ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, వెలిగిందంటే అది సరిచేసేదాకా పాపని మైక్ ముట్టుకోనివ్వకండి.

ఊళ్ళ మీద కూటాలకి, క్రిస్మస్ క్యారల్స్‌కి ఎక్కువ తిరిగేట్టయితే బ్యాటరీతో నడిచే ఆంప్ అడగండి. విడిగా తీసి పెట్టే లిథియం బ్యాటరీ అయితే మీ తమ్ముడు దాన్ని చెక్-ఇన్ సామాన్లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే తెచ్చుకోవాలి, దానికీ సైజు పరిమితి ఉంటుంది కాబట్టి టికెట్ బుక్ చేసుకున్న ఎయిర్‌లైన్స్‌ని ముందే అడిగి తెలుసుకోమనండి.