ట్రక్కు కొనబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు డాలస్‌కు ఉత్తరాన పదెకరాల నేల తీసుకున్నావనీ, దానికోసం పెద్ద పికప్ ట్రక్కు, ట్రైలర్, చిన్న ట్రాక్టర్ కొనబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మళ్ళీ ఒకడు మట్టి పట్టుకుంటున్నాడని విని ఎంతో సంతోషించాను కానీ, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నువ్వు ఇద్దరు పసిపిల్లల తండ్రివి. ట్రైలర్ లాగడం నీకు బొత్తిగా కొత్త.

ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టుల గురించి నీకు చెప్పనక్కర్లేదు. పాత బండి కొనేటట్లయితే 2012 మోడల్‌కన్నా వెనక్కి వెళ్ళవద్దు. బండి జారి అదుపు తప్పకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి అయింది అప్పటి నుంచే. వెనుక కెమెరా 2018 మే నుంచి తయారైన బండ్లకు ఎలాగూ ఉంటుంది. అడ్డం వచ్చినప్పుడు తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు మాత్రం మోడల్‌ను బట్టీ, ట్రిమ్‌ను (ఒకే మోడల్‌లో సదుపాయాల స్థాయిని) బట్టీ మారుతుంది కనుక, సేల్స్‌మన్ నోటిమాట మీద ఆధారపడకుండా కాగితం మీద చదివి చూసుకో.

ఇక ట్రైలర్ సంగతి. చాలా ఏళ్ళ కిందట నా మిత్రుడొకడు ఓక్లహోమాలో పాత ట్రాక్టర్ కొని, అద్దె ట్రైలర్ మీద డాలస్‌కు తెస్తూ నన్ను తోడు రమ్మన్నాడు. ట్రాక్టర్‌ను ముందుకు నడిపి ట్రైలర్ మీదికి ఎక్కించి, ట్రాక్టర్ ముందున్న మట్టి ఎత్తే బకెట్ ట్రైలర్ ముందు కమ్మీకి తగలకూడదని కాస్త వెనక్కే ఆపేశాడు. గడ్డి కోసే మిషను దాని వెనుక తగిలించే ఉంది. అంటే బరువులో ఎక్కువ భాగం ట్రైలర్ ఇరుసుకు వెనకాల పడింది. ట్రక్కు వెనుక భాగం కొద్దిగా పైకి లేచి ఉండటం చూసి, బండి తేలిగ్గా లాగుతుందని అతను మురిసిపోయాడు కూడా. ఐ-35 హైవే మీద ఆర్బకిల్ కొండల దగ్గర పల్లంలోకి దిగుతుండగా పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలి తాకిడికి ట్రైలర్ ఎడమకు ఊగింది, ఆపై కుడికి, ప్రతి ఊపూ ముందరి దానికన్నా పెద్దదిగా. అతను గాభరాపడి బ్రేకు గట్టిగా తొక్కాడు. ట్రైలర్ మమ్మల్ని పక్కకు నెట్టింది. మధ్యనున్న గడ్డిలోకి జారి, వచ్చిన వైపుకే తిరిగి ఆగాము. దెబ్బలు తగల్లేదు. స్టీరింగ్‌ను పట్టుకున్న అతని వేళ్ళను మాత్రం నేనే ఒక్కొక్కటిగా విడదీయవలసి వచ్చింది.

మీ తాతగారు వరి మోపులు బండికెత్తించేటప్పుడు మధ్యమధ్య కాడిని చేత్తో ఎత్తి చూసేవారు. వెనుక బరువెక్కువైతే కాడి లేచి, ఎడ్ల మెడకు కట్టిన తాళ్ళు బిగుసుకుంటాయి. ట్రైలర్ లెక్కా అంతే: మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కుకు ట్రైలర్ తగిలించే చోట, పడాలి. ఈనాటి ట్రక్కులు ట్రైలర్ ఊగడాన్ని పసిగట్టి, చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి, ఇంజన్ జోరు తగ్గిస్తాయి. అది ఉన్న బండే తీసుకో, కానీ తప్పుగా ఎక్కించిన బరువును అది సరిచేస్తుందని నమ్మవద్దు. ట్రైలర్ ఊగితే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో వెయ్యి. అందుకే ఆ బ్రేకును డ్రైవర్ సీట్లోంచి వేసే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ లేని ట్రక్కు ఎంత చవకైనా నీకు వద్దు.

డ్రైవర్ తలుపు పక్కన మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో రాసిన స్టిక్కర్ ఉంటుంది. అక్కడ 1,500 అని ఉందనుకో. 7,000 పౌండ్ల ట్రైలర్ అందులో 12 శాతం, అంటే 840, హిచ్ మీద మోపితే, మీ నలుగురి బరువు 450 తీసేశాక మిగిలేది 210 మాత్రమే. ప్రకటనల్లో చెప్పే లాగుడు శక్తి చూసి కొనేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ వేయరు, నాకు కోపం వచ్చేది అక్కడే.

పిల్లల సీట్ల విషయంలో నా మాట విను. ముందుకు తిరిగి ఉండే సీటుకు పైన ఒక పట్టీ ఉంటుంది. పెద్ద ట్రక్కులు చాలావాటిలో ఆ పట్టీని సీటు వెనకాలి గుడ్డ ఉచ్చులోంచి దూర్చి, పక్క సీటు వెనకాల తగిలించాలి. కారు అలవాటున చాలామంది ఎదురుగా కనిపించిన ఉచ్చుకే కొక్కెం వేసేస్తారు. మాన్యువల్ తెరిచి చూస్తూ బిగించు. ట్రక్కు వెనుక సామాను వేసే పైకప్పు లేని బెడ్‌లో 18 ఏళ్ళలోపు పిల్లల్ని కూర్చోబెట్టి నడపడం టెక్సాస్‌లో నేరం. పొలం పనుల పేరిట మినహాయింపులున్నా నువ్వు వాటి జోలికి పోవద్దు.

బానెట్ ఎత్తు గురించి కూడా ఆలోచించు. 40 అంగుళాలకు మించిన ముందు భాగం గల బండ్లు మనుషుల్ని ఢీకొన్నప్పుడు, 30 అంగుళాల లోపు వాలు బానెట్ ఉన్న వాటికన్నా ప్రాణం తీసే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని, రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023లో తేల్చింది. నీ చిన్నది ఆ బానెట్ ముందు నిలబడితే సీట్లోంచి నీకు కనపడదు నాన్నా. ముందు కెమెరా ఉన్న ట్రిమ్‌కు డబ్బు ఎక్కువైతే నేను సర్దుతాను, మొహమాటపడకు. అది ఉన్నా సరే, బండి కదిపే ముందు పిల్లలెక్కడున్నారో కోడల్ని పిలిచి అడుగు.

సంతకం పెట్టే ముందు ఆ తలుపు స్టిక్కర్ ఫొటో నాకు పంపు. ట్రైలర్ మొదటిసారి కట్టేది శనివారం పెట్టుకుంటే, నేను హ్యూస్టన్ నుంచి ముందు రోజు రాత్రికే వచ్చేస్తాను.

ఇట్లు,
పెదనాన్న