డాబర్‌మన్ దొంగలు

ప్రశ్న: కుక్కలు బ్యాంకు దోచే ఇంగ్లిష్ సినిమా ఒకటుందని మా మామయ్య అంటారు. నిజమా, కోతలా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: మామయ్యగారు కోతలు కోయలేదండీ. ‘ది డాబర్‌మన్ గ్యాంగ్’, 1972 నాటి అమెరికన్ సినిమా, దర్శకుడు బైరన్ చడ్నో. మనుషులతో చేసిన దోపిడీ వాళ్ల తప్పుల వల్లే బెడిసికొట్టాక దొంగల నాయకుడికి బుర్ర వెలుగుతుంది. టెన్షన్ పడని, వాటా అడగని, పోలీసులు ఎంత గద్దించినా నోరు విప్పని ముఠా ఉంటే ఎలా ఉంటుంది? ఇంకేం, వాయుసేనలో కుక్కలకు తర్ఫీదిచ్చిన మనిషిని పట్టుకొస్తాడు. ఆరు డాబర్‌మన్లకూ డిల్లింజర్, బోనీ, క్లైడ్ అంటూ 1930ల నాటి గజదొంగల పేర్లే పెడతారు. ఈల వినపడగానే వీపున సంచులతో అవి బ్యాంకులోకి దూసుకెళ్లడం, లోపలివాళ్లు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోవడం చూసి తీరాలి. క్లైమాక్స్ చెప్పను గానీ, ఆ నాయకుడిది మాత్రం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదిన వ్యవహారమే. అన్నట్టు ఈ జాతిని తయారుచేసిన జర్మన్ డోబర్‌మన్‌గారు పన్నులు వసూలు చేసేవాడు, డబ్బుతో తిరిగేటప్పుడు రక్షణకని పెంచాడంటారు. చివరికి ఆ కుక్కల చేతే దోపిడీ చేయించారు సినిమావాళ్లు!

ప్రశ్న: పిల్లలతో చూడొచ్చా? (ఒక గృహిణి, కరీంనగర్)

జవాబు: దీనికంటే ఈ డాబర్‌మన్ సినిమాల వరసలో మూడోది, 1976లో వచ్చిన ‘ది అమేజింగ్ డాబర్‌మన్స్’ నయం. డాన్సుల వీరుడు ఫ్రెడ్ అస్టెయిర్ 77 ఏళ్ల వయసులో, మోసాలు మానేసిన పెద్దమనిషిగా కుక్కల్ని వెంటేసుకుని తిరుగుతాడు. ఇందులో కుక్కలు దొంగలవైపు కాదు, దొంగల్ని పట్టేవైపు. సర్కస్ కూడా ఉంది, పిల్లలు కదలరు. కథ మాత్రం పలచనే.

ప్రశ్న: షూటింగుల్లో జంతువుల్ని హింసించరా? (ఒక విద్యార్థిని, అనంతపురం)

జవాబు: ఒకప్పుడు పట్టించుకునేవాళ్లే లేరమ్మా. 1939లో విడుదలైన ‘జెస్సీ జేమ్స్’ సినిమా కోసం గుర్రాన్ని కొండ మీంచి నీళ్లలోకి దూకిస్తే అది చచ్చిపోయింది. ఆ గొడవ తర్వాతే అమెరికన్ హ్యూమేన్ సంస్థ సెట్ల మీద నిఘా మొదలుపెట్టింది. ‘ఏ జంతువుకూ హాని జరగలేదు’ అన్న వాళ్ల ముద్ర మొదట పడింది మన డాబర్‌మన్ దొంగల సినిమాకే.

ప్రశ్న: మా టామీ కూడా సినిమాల్లో చేస్తుందా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ముందు పిలిస్తే వస్తుందేమో చూడండి. వస్తే, కూర్చోమన్నచోట కూర్చుంటే, చేసిన ప్రతిసారీ వెంటనే చికెన్ ముక్క పెట్టండి. తెరమీద కుక్క హీరో కళ్లలోకి ఆర్తిగా చూస్తోందని మనం కన్నీళ్లు పెట్టుకుంటాం గానీ, చాలాసార్లు అది చూసేది కెమెరా పక్కన ముక్క పట్టుకుని నిలబడ్డ ట్రైనర్ చేతినే.